తప్పు మోసే కొలువు

విద్రుమపురం కోటగోడలు పగడపు రంగు రాతితో కట్టినవి. పొద్దుటి ఎండ సోకితే అప్పుడే పూసిన మోదుగుల గుట్టలా కనిపిస్తాయి. బురుజుల మీద వెండి గుబ్బలు, ద్వారాల మీద దంతపు లతలు, ఆ లతల నడుమ ముక్కున పండు కరచుకున్న చిలుకలు. ఒక్కొక్క చిలుక మెడ ఒక్కొక్క తీరుగా వంగి ఉంటుంది. వాటిని చెక్కిన శిల్పులు మొన్నటిదాకా కోట బయట గాడిదలు కాసేవారు. నిన్నటి నుంచి ఆ పనికి కూడా ఇత్తడి మనుషులు వచ్చారు.

తూర్పు ద్వారం దాటి పరుగులాంటి నడకతో లోపలికి వచ్చిన కేదారి చిలుకల వంక చూడలేదు. ముప్ఫై ఏళ్ళవాడు, నల్లని మనిషి, శంఖవతి నదిలో పడవ నడిపేవాడు. వాడి తల్లి సంకమ్మ మంత్రసాని. నదికి రెండు వైపులా ఉన్న పద్నాలుగు ఊళ్ళలో సగంమంది ఆమె చేతుల్లో పడి ఏడ్చినవాళ్ళే. నాలుగు రోజుల కిందట ఇత్తడి భటులు వచ్చి ఆమెను కోటలోని కరగుల మేడకు తీసుకుపోయారు. ఈ రోజు మిట్టమధ్యాహ్నం ఆమె చేతులు పోస్తారు.

చేతులు పోయడమంటే ఏమిటో విద్రుమపురంలో అందరికీ తెలుసు.

ఏడేళ్ళ కిందట లోహజిహ్వుడనే మాంత్రికుడు వచ్చి, వినోదకేతు మహారాజుకు వింజామర వీచే ఇత్తడి దాసిని కానుకగా ఇచ్చాడు. అది ఆవలించదు, చేయి నొప్పి అనదు, చెల్లెలి పెళ్ళికి పోయివస్తానని అడగదు. మహారాజు ముచ్చటపడ్డాడు. ప్రజలు కూడా ముచ్చటపడ్డారు, పోయింది వింజామర దాసీల పనే కదా అని. తరవాత మగ్గాలు పోయాయి. మగ్గానిదేముంది, అటూ ఇటూ ఆడించడమేగా అన్నారు కుమ్మరులు. సారెలు పోయినప్పుడు, గిర్రున తిప్పే పనికి మనిషెందుకు అన్నారు వడ్రంగులు. వడ్రంగులను గురించి వైద్యులు ఏమన్నారో, వైద్యులను గురించి పండితులు ఏమన్నారో వేరే చెప్పనక్కరలేదు. ప్రతివాడికీ పక్కవాడి పని సులువుగానే కనిపించింది.

ఇత్తడికి ఏ పనీ దానంతటది రాదు. మనిషి చేతులు మైనపు తొట్టిలో ముంచి మంత్రం చదివితే, ఆ చేతుల్లోని పనితనమంతా ఇత్తడిలోకి పోతుంది. ఒక్క జత చేతులతో ఎన్ని బొమ్మలనైనా లేపవచ్చు. తరవాత చేతులను సొంతదారుకే వదిలేస్తారు. లోహజిహ్వుడు ఒకరి సొత్తు ఉంచుకునే మనిషి కాదు. చేతులు మణికట్ల నుంచి తడిగుడ్డల్లా వేలాడుతుంటాయి, అంతే. అంగడి వీధి అరుగుల మీద అలాంటి నేతగాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ భార్యలు ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నారు. కేదారి తల వంచుకుని ఆ వీధి దాటాడు.

కరగుల మేడ లోపలి కోటలో ఉంది. లోపలి కోటలోకి పోవాలంటే కొలువు ముద్ర ఉండాలి. పడవవాడి ముద్ర నీళ్ళగుమ్మం దాకానే చెల్లుతుంది. అందుకే కేదారి కొలువుల మండపానికి పోయి వరసలో నిలబడ్డాడు.

మండపం మెట్ల మీద పులితోలు పరచుకుని ముందుచూపు శాస్త్రి కూర్చుని ఉన్నాడు. ఏ వృత్తి నిలుస్తుందో, ఏది పోతుందో చెప్పడం ఆయన వృత్తి. ఆయన మాట విని వడ్రంగులు వైద్యం నేర్చుకున్నారు, వైద్యులు జోస్యం నేర్చుకున్నారు, ఇంకొందరు ఇత్తడి మనుషుల కీళ్ళకు నూనె రాయడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఇత్తడి మనుషులే ఒకరికొకరు రాసుకుంటున్నారు.

"ఏం పని నాయనా నీది?" అన్నాడు శాస్త్రి.

"పడవండి. గడ వేస్తాను."

"దివ్యంగా ఉంటుంది! నీళ్ళంటే ఇత్తడికి గిట్టదు. నీ వృత్తి శాశ్వతం, రాసి పెట్టుకో."

"మా అమ్మ మంత్రసాని, శాస్త్రులుగారూ. నిరుడు ఆమెకీ శాశ్వతమనే చెప్పారు తమరు."

"చెప్పాను. నిరుడు అది శాశ్వతమే," అన్నాడు శాస్త్రి, ఏమాత్రం తడబడకుండా.

ఇంతలో మండపం మీద నగారా మోగింది. ఇత్తడి చాటింపుదారు పైకి వచ్చి, ఈ పక్షానికి భద్రమైన వృత్తుల జాబితా చదివాడు. కిందటి పక్షం తొమ్మిది ఉండేవి. ఇప్పుడు నాలుగే. పడవవాడు. రాజుగారి హాస్యానికి నవ్వేవాడు. మాంత్రికుడు. నేరధారి. అంతటితో చాటింపుదారు నోరు టక్కున మూసుకుంది. వరసలో ఎవరో, "శాస్త్రులుగారూ, తమరి వృత్తి రాలేదే?" అన్నారు.

శాస్త్రి పులితోలు చుట్టి చంకన పెట్టుకున్నాడు. "ఇది నేను ముందే ఊహించాను," అన్నాడు హుందాగా, మెట్లు దిగుతూ.

కేదారి ముందున్న మనిషి భుజం తట్టి అడిగాడు. "అన్నా, నేరధారి అంటే ఏమిటి?"

"తప్పు మోసేవాడు. ఇత్తడి మనుషులు తప్పు చేస్తే వాళ్ళ బదులు చేతులు జోడించి 'తప్పయిపోయింది' అనాలి. ఎవరో ఒకరు ఆ మాట అనకపోతే ఫిర్యాదు ముగియదు, మన ధర్మశాస్త్రం అలాంటిది. ఇత్తడితో ఆ మాట అనిపించడం మాంత్రికుడి వల్ల కాలేదట. తప్పే చేయనివాటికి ఆ మాట ఎందుకని ఆయన వాదన. నిన్నటివాడు కొరడా దెబ్బలకు తట్టుకోలేక పారిపోయాడు. ఎక్కడికైనా పోవచ్చు ఆ ముద్రతో, అదొక్కటే సుఖం."

కేదారి వరస తప్పించుకుని లోపలికి దూసుకుపోయాడు.

కొలువుల అధికారి దండపాణి అభ్యర్థులను పరీక్షిస్తున్నాడు. ఆయన బల్ల పక్కన ఒక ఇత్తడి బంటు మట్టికుండ పట్టుకుని నిలబడి ఉంది. అభ్యర్థి ఎదుటికి రాగానే అది కుండను దండపాణి కాలి దగ్గర దబ్బున పడేస్తుంది. మొదటివాడు "నేను కాదండీ" అన్నాడు. రెండోవాడు "మీ బొమ్మే కదండీ పడేసింది" అన్నాడు. మూడోవాడు న్యాయస్థానంలో వాదనలు చేసి బతికిన పండితుడు. ఆ కుండ తనంతట తాను పగిలిందని నాలుగు శ్లోకాలతో రుజువు చేశాడు. దండపాణి ముగ్గురినీ పొమ్మన్నాడు.

నాలుగో కుండ పగిలింది.

"తప్పయిపోయింది దొరా, నాదే పొరపాటు," అన్నాడు కేదారి, అది నేలను తాకీ తాకకముందే. "కాలికి తగిలిందా? ఇలా జరగండి, పెంకులు గుచ్చుకుంటాయి."

దండపాణి కళ్ళు పెద్దవి చేశాడు. "అంత తొందరగా ఎలా వచ్చిందయ్యా నీకు ఆ మాట?"

"పడవవాణ్ణండి. నడి ఏట్లో పడవ ఇసుక మేట ఎక్కితే తప్పు ఎవరిదని కూర్చోం. గడ వేసేవాడు ముందు ఆ మాట అనేయాలి. అనకపోతే జనం తప్పు వెతుక్కుంటూ అందరూ ఒక పక్కకే లేచి నిలబడతారు. పడవ తిరగబడుతుంది. మా నాన్న నేర్పిన మొదటి పాఠం అదేనండి. గడ పట్టడం ఆ తరవాతే నేర్పాడు."

దండపాణి పరీక్ష అక్కడితో ఆపేశాడు. పసుపుపచ్చని అంగీ తొడిగించి, మెడలో రాగి ముద్ర వేశాడు. అంగీ వీపున నల్లని చేతి గుర్తులు ముద్రించి ఉన్నాయి, కొరడా ఎక్కడ పడాలో కొట్టేవాడికి అనుమానం లేకుండా.

"మధ్యాహ్నం కరగుల మేడలో మంత్రసాని చేతులు పోస్తున్నారు. నేరధారి అక్కడ ఉండాలి, ఏదైనా బెడిసికొడితే. ఈలోపు ఫిర్యాదుల చావడి చూసుకో," అన్నాడు దండపాణి.

కేదారికి మేడకే పరుగెత్తాలని ఉంది. చావడి మాత్రం దారిలోనే ఉంది. ఇత్తడి వంటవాడు పాయసంలో ఉప్పు పోశాడని ఒక సామంతుడు. "తప్పయిపోయింది దొరా." ఇత్తడి మంగలి ఎడమ మీసం తీసేశాడని ఇంకొకడు. "తప్పయిపోయింది. రెండోది కూడా తీసేస్తే బాగుంటుందేమో చూడండి." రెండు దెబ్బలు పడ్డాయి. నీడల పొడవు తగ్గుతోంది. కేదారి గుమ్మం వైపు అడుగు వేశాడు.

గుమ్మం పక్కన నేల మీద ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. గానుగ ఆడించిన చిక్కయ్య. అందరి తరవాత లేచాడు.

"నా పెళ్ళాం నీలమ్మ. జ్వరంతో బండి మీద తెస్తున్నాను. కోట తలుపు ముయ్యొద్దని కేకేశాను. ఇత్తడివాడు వేళయిందని మూసేశాడు. బండికీ తలుపుకీ మధ్య పది అడుగులుంటాయి. వైద్యుడిల్లు తలుపవతలే," అన్నాడు. తొందరలేదు అతని మాటలో. చాలాసార్లు చెప్పిన మాటలు అవి. "ఏడు నెలలుగా వస్తున్నాను. ఇత్తడి తప్పు చెయ్యదంటారు. వేళకే మూశాడంటారు. వేళకే మూశాడు, నిజమే."

కేదారి చేతులు జోడించాడు. మాట మాత్రం పొద్దుటిలా వెంటనే రాలేదు.

"తప్పయిపోయింది, తాతా."

"నువ్వున్నావా ఆ రోజు?"

"లేను."

"మరి నువ్వెందుకు అంటున్నావు?"

"ఎవరో ఒకరు అనాలి కదా."

చిక్కయ్య తువ్వాలు విప్పి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "ఆవిడ ఎండకు తట్టుకోలేదు. అక్కడ నీడ లేదు," అన్నాడు. ఆయన మెట్లు దిగిపోయేదాకా కేదారి కదలలేదు. దిగిపోయాక చూస్తే, తన నీడ పాదాల కిందకు వచ్చేసింది.

పరుగెత్తాడు.

కరగుల మేడ ఏడంతస్తులది. పొగ చూరి నల్లబడిన గోడల మీద రాగి పాములు పైకి పాకుతున్నట్టు గొట్టాలు. లోపల కొలిమి ఎర్రగా నోరు తెరిచి ఉంది. దాని చుట్టూ నలభైమంది ఇత్తడి మంత్రసానులు నిలబడి ఉన్నాయి. కట్టుకొప్పులు, నుదుట కుంకుమ బొట్లు, నడుముకు దోపిన కొంగులు, అన్నీ ఇత్తడివే. ముఖాన చిరునవ్వు కూడా పోతపోసినదే. నడుమ పందిరి కింద బంగారు పట్టెమంచం మీద మహారాజు పడుకుని వినోదం కోసం ఎదురు చూస్తున్నాడు. చెరకుగడలా సన్నగా ఉన్న లోహజిహ్వుడు మైనపు తొట్టి కలుపుతున్నాడు. తొట్టికీ ఇవతలి గదికీ మధ్య ఇనుప తెర, తెరకు రెండు రంధ్రాలు. చేతులు మాత్రమే అవతలికి పోవాలి. మనుషుల ముఖాలు చూస్తే మాంత్రికుడికి మంత్రం తప్పుతుందట.

ఇవతలి గదిలో పీట మీద సంకమ్మ కూర్చుని ఉంది. కాపలాకు ఒకే ఒక ఇత్తడి భటుడు. ఆమె వాడితో వాదిస్తోంది.

"అవతలి ఒడ్డున తాయారుకి నెలలు నిండాయిరా నాయనా. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నన్ను పోనిస్తే పురుడు పోసి మళ్ళీ వస్తాను, అప్పుడు పోసుకోండి మీ ఇష్టం. వింటున్నావా? ఇంత చెవులు పెట్టారు, దేనికో!" అంటూ తల తిప్పి కొడుకును చూసింది. వాడి అంగీ చూసింది. "ఒరే కేదారీ, ఈ పసుపు సంచీ ఏమిట్రా?"

"ఉష్, అమ్మా! ఇప్పటిదాకా ఎన్ని పురుళ్ళు పోశావు?"

"లెక్కెవడు పెట్టాడు?"

అవతల శంఖం ఊదారు. "చేతులు!" అని లోహజిహ్వుడి గొంతు వినిపించింది. ఇత్తడి భటుడు కదిలాడు. "రెండు చేతులు రంధ్రాల్లో పెట్టించాలి," అన్నాడు. వాడికి ఇచ్చిన ఆజ్ఞ అంతే. ఎవరి చేతులనేది ఆజ్ఞలో లేదు. ఈ మేడలో మంత్రసాని తప్ప చేతులు పెట్టడానికి ఎవరు ఎగబడతారని మాంత్రికుడు అనుకుని ఉంటాడు.

కేదారి తల్లిని పీట మీద నుంచి పక్కకు నెట్టి, తాను కూర్చుని, రెండు చేతులూ రంధ్రాల్లో దూర్చాడు.

"ఒకటి, రెండు," అని లెక్కపెట్టి భటుడు తృప్తిగా నిలబడ్డాడు.

సంకమ్మకు అర్థమవడానికి రెప్పపాటు పట్టింది. వాడి భుజాలు పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దురా! తియ్యి! పడవ ఎలా నడుపుతావురా!"

"తాయారు బిడ్డ అడ్డం తిరిగి ఉందన్నావుగా. నేను పొయ్యగలనా ఆ పురుడు?"

అవతల మంత్రం మొదలైంది. కాయలు కాచి, గడ ఒరిపిడికి నల్లబడి, బారెడు పొడవున్న ఆ మగచేతులను లోహజిహ్వుడు మైనంలో ముంచాడు. పదివేల జతల చేతులు పోసిన ఘనుడు ఆయన. ఒక్క జతను కూడా చూసిన పాపాన పోలేదు.

ముందు వెచ్చగా అనిపించింది. తరవాత నీళ్ళలో నుంచి తాడు లాగినట్టు ఏదో భుజాల నుంచి జారిపోవడం మొదలైంది. తండ్రి పిడికిలి తన పిడికిలి మీద ఉన్న మొదటి రోజు పోయింది. వరదలో గడ ఎప్పుడు వదలాలో తెలిసిన తెలివి పోయింది. చేతులు రంధ్రాల్లోంచి ఇవతలికి జారిపడ్డాయి.

అవతల నలభై జతల ఇత్తడి కళ్ళు తెరుచుకున్నాయి.

"మహాప్రభూ! నేటితో రాజ్యంలో మంత్రసానుల అవసరం తీరిపోయింది. చూడండి!" అని లోహజిహ్వుడు చేయి ఊపాడు. దాసీలు పత్తి నింపిన బొమ్మ గర్భిణిని తెచ్చి మహారాజు మంచం పక్కన పడుకోబెట్టారు. "మొదలుపెట్టండి!"

మొదటి మంత్రసాని గంభీరంగా ముందుకు నడిచింది. గర్భిణి వంక చూడలేదు. పందిరి గుంజ ఒకటి ఊడబెరికి, బంగారు మంచం కాళ్ళవైపు ఎక్కి నిలబడింది. గుంజ నేలకు ఆనించి ఒక్క తోపు తోసింది. మంచం మహారాజుతో సహా నున్నని చలువరాతి మీద సర్రున జారింది.

"ఎక్కండి ఎక్కండి!" అని అరిచింది రెండో మంత్రసాని. "ఆడవాళ్ళు మధ్యలో కూర్చోండి! మేకలు వెనక్కి!"

తక్కిన ముప్ఫై ఎనిమిదీ పందిరి మీద పడి గుంజలు పీకడం మొదలుపెట్టాయి. పందిరి కూలింది. మంచం స్తంభానికి కొట్టుకుని ఆగింది. వెంటనే మొదటి మంత్రసాని మహారాజు వైపు వంగి, "తప్పయిపోయింది, నాదే పొరపాటు, ఎవరూ లేవకండి," అంది. ఏడేళ్ళలో ఇత్తడి నోట ఆ మాట రావడం అదే మొదలు. ఆ సంబరం గమనించే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

"నేరధారీ!" అని లోహజిహ్వుడు గొంతు చించుకున్నాడు. "ఎవడు దీనికి బాధ్యుడు? నేరధారీ!"

కేదారి తెర పక్కగా తల పెట్టాడు. "తప్పయిపోయింది, స్వామీ. నేనే చేశాను." ఆ కొలువు పుట్టినప్పటి నుంచి అందులో నిజం చెప్పినవాడు అతనొక్కడే. కొలువు ధర్మం ప్రకారం ఫిర్యాదు అక్కడితో ముగిసింది. కాపలా భటుడు దారి వదిలాడు. తల్లీకొడుకులు మెట్లు దిగి పరుగు తీశారు.

లోపలి కోట ద్వారం దగ్గర ముద్ర చూసి తలుపు తీశారు. నీళ్ళగుమ్మం దగ్గరా తీశారు. గుమ్మం దిగితే శంఖవతి. ఎండకు కరిగిన వెండిలా తళతళలాడుతోంది. మెట్లకు కట్టి కేదారి పడవ ఉంది. దాని వెనకే రాజుగారి విహార పడవలు వరసగా కట్టి ఉన్నాయి. అవి సరిగ్గా నలభై.

తాడు సంకమ్మే విప్పింది. కేదారి గడ దగ్గరకు పోయి చేతులను దాని మీద వేశాడు. అవి వేసినంతసేపు కూడా నిలవలేదు. మళ్ళీ వేశాడు. జారిపోయాయి. తను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ వెదురు గడ ఎవరిదో పరాయి వస్తువులా ఉంది.

సంకమ్మ వాడి పసుపు అంగీ అంచు చింపి, రెండు మణికట్లనూ గడకు బిగించి కట్టింది. తాను వెనక నిలబడి వాడి చేతుల మీద తన చేతులు వేసింది. పొట్టి మనిషి, వాడి భుజం దాటదు.

"నాకు ఏరు తెలియదురా. నువ్వు చెప్పు."

"ముందు గడ ఆనించాలి. తరవాత ఒళ్ళంతా వేసి తొయ్యాలి."

"ఆ రెండోది నాకు తెలుసు," అంది సంకమ్మ. ఆమె గొంతు మారింది. పద్నాలుగు ఊళ్ళ ఆడవాళ్ళకు తెలిసిన గొంతు అది. "ఊపిరి పీల్చు. బిగబట్టు. ఇప్పుడు పెట్టరా బలం! ఇంకా, ఇంకా... వదిలెయ్. మా నాయనే. మళ్ళీ పీల్చు."

పడవ కదిలింది. వంకరగా, కుంటుతూ, అయినా కదిలింది.

వెనక నీళ్ళగుమ్మం తలుపులు విరిగిపడ్డాయి. నలభైమంది మంత్రసానులు మెట్లు దిగి, పడవకొకరుగా ఎక్కాయి. "ఆ ఇద్దరినీ పట్టి తెండి!" అని బురుజు మీద నుంచి లోహజిహ్వుడు కేక వేశాడు. నలభై గుంజలు ఒక్కసారిగా నీళ్ళలో దిగాయి. అలుపెరగని చేతులు అవి. శంఖవతి మీద అంతటి పనివాళ్ళను ఎవరూ చూసి ఉండరు. ఎడమ పాదం అదిమి, తోపుకు ముందు కొంచెం ఆగి, నడుము విరిచి తోయడం. ఆ ఆగడం తన తండ్రిది. కేదారి తల తిప్పుకున్నాడు.

ఎదురుగా లంక కనిపిస్తోంది. అక్కడ నది రెండు పాయలుగా చీలుతుంది. కుడి పాయ లోతు, నెమ్మది. పదిహేనేళ్ళుగా కేదారి దాటింది ఆ పాయలోనే. అందులో ఏ రాయి ఎక్కడుందో, ఏ సుడి ఏ వేళకు తిరుగుతుందో ఎరుగును. అంటే ఇప్పుడు ఆ నలభైమందీ ఎరుగుదురు. ఎడమ పాయలో నీళ్ళు తెల్లగా నురగలు కక్కుతూ, బండల మధ్య గర్జిస్తూ పోతున్నాయి. అందులోకి తను ఎన్నడూ పోలేదు. తండ్రీ పోలేదు.

"ఎటురా?" అంది సంకమ్మ.

"ఎడమకి."

"ఆ దారి తెలుసా నీకు?"

"తెలియదు. వాళ్ళకీ తెలియదు."

సంకమ్మ కొడుకు పిడికిళ్ళ మీద తన పట్టు బిగించింది. "పీల్చు ఊపిరి," అంది.

పడవ ముక్కు ఎడమకు తిరిగి, నురగలో మునిగింది.